పోటెక్కితే కొమ్మల్లోకి

నిజాంపట్నం మడ అడవిలోకి వెళ్లాలనుకునేవాళ్లు వారం చూసుకుంటే చాలదు, తిథి చూసుకోవాలి. అమావాస్యకీ పున్నమికీ అటూ ఇటూ పోటు నిండుగా వస్తుంది. అష్టమి ప్రాంతాల్లో నీళ్లు మందగించి చిన్న కాలవల్లో పడవ బురద మీద కూర్చుంటుంది. అందుకే పడవాయన ఫోన్లోనే తేల్చి చెప్పాడు: "అమాస ఎల్లిన మర్నాడు రండమ్మా. పొద్దున తొమ్మిదింటికల్లా నిండు పోటు దొరుకుద్ది. ఆలస్యమైతే పాటులో చిక్కుకుంటాం."

పోటు నిండుగా ఉండటం నాకు చాలా అవసరం. మడచెట్ల వేళ్ల గురించి ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చే వేళ్లు, కొమ్మకుండగానే మొలకెత్తే కాయలు, ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. ఈసారి చూడాలనుకున్నది వాటి తలల్ని. ఆ కోరిక పుట్టించింది సప్తసముద్రాల అవతలి మనిషి.

తెనాలిలో చీకటితోనే రేపల్లె రైలెక్కాను. వేమూరు దాటేసరికి వెలుగొచ్చింది. డిసెంబరు నెల కాబట్టి పొలాల్లో కోతకొచ్చిన వరి ఒకవైపు, కోసి పరిచిన పనలు ఇంకోవైపు. కొన్ని చోట్ల కోతకు ముందే వరిలో మినుములు చల్లుతున్నారు. భట్టిప్రోలు, పల్లికోన, రేపల్లె. ఒళ్లో మెగ్ లోమన్ ఆత్మకథ 'ది ఆర్బర్‌నాట్'. 2021లో వచ్చిన పుస్తకం. అంతకుముందు చదివిందే అయినా, మడలోకి వెళ్లేముందు కొన్ని పేజీలు మళ్లీ తిరగేయాలనిపించింది.

లోమన్ 1953లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో పుట్టారు. నలుగురిలో నోరు విప్పడానికే జంకే పిల్ల. అడవిపూలు ఏరి, ఎండబెట్టి, పేర్లు రాసి పెట్టుకునేది. ఆ పూలతోనే రాష్ట్రస్థాయి సైన్సు ప్రదర్శనలో రెండో బహుమతి తెచ్చుకుంది. పై చదువుకి ఆస్ట్రేలియా వెళ్లి, సిడ్నీ విశ్వవిద్యాలయంలో వర్షారణ్యాల మీద పరిశోధనకి కూర్చున్నప్పుడు ఆవిడకి ఎదురైన చిక్కు ఏమిటంటే, ఆకులన్నీ పైన ఉన్నాయి, శాస్త్రజ్ఞులందరూ కింద ఉన్నారు. అప్పటికి అడవి గురించి తెలిసింది చాలామటుకు నేల మీద నిలబడి, తల పైకెత్తి, బైనాక్యులర్లతో చూసి రాసిందే. లేదంటే రాలిన ఆకుల్ని ఏరి లెక్కగట్టిందే.

1979లో లోమన్ చెట్టెక్కారు. గుహల్లోకి తాళ్ల మీద దిగే కుర్రాళ్ల దగ్గర తాడెక్కడం నేర్చుకున్నారు. కార్లలో వాడే సీటుబెల్టు పట్టీని కుట్టుకుని నడుముకీ తొడలకీ బిగించుకునే కట్టు తయారుచేసుకున్నారు. ఉండేలు ఒకటి చేసుకుని, దానితో సన్నటి దారాన్ని పైకొమ్మ మీదుగా కొట్టి, ఆ దారానికి తాడు కట్టి లాగారు. అంతే పరికరాలు.

పైకెక్కాక చేసిన పని ఇంకా గొప్పది. ఒక్కో ఆకు మీద నీటికి చెరగని సిరాతో అంకె వేశారు. నెలనెలా వెళ్లి అదే ఆకుని మళ్లీ చూశారు. ఎంత తిన్నారు, ఎవరు తిన్నారు, ఎప్పుడు రాలింది అని రాసుకున్నారు. ఏళ్ల తరబడి రాశారు. అప్పటిదాకా అడవిలో పురుగులు తినే ఆకుభాగం 5 నుంచి 8 శాతం అనుకునేవారు. లోమన్ లెక్కలో అది అంతకు రెండు, మూడు రెట్లు తేలింది. ముట్టుకుంటే ఒళ్లంతా మంటెత్తించే ఒక ఆస్ట్రేలియా చెట్టు అయితే ఏడాదిలో తన ఆకుల్లో 40 శాతం పైనే పురుగులకి అర్పించుకుంటోంది.

ఇంత తేడా ఎందుకొచ్చింది? నేను క్లాసులో ఈ ప్రశ్న అడిగి కాసేపు ఆగుతాను. పూర్తిగా తినేసిన ఆకు కింద రాలదు. రాలిన ఆకుల్ని మాత్రమే ఏరుకున్నవాడి లెక్కలోకి అది ఎప్పటికీ రాదు. అదే కొమ్మ దగ్గరికి, అదే ఆకు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లిన మనిషికే ఆ ఆకు లేకపోవడం కనిపిస్తుంది. లోమన్ జీవితం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ ఒక్క మాటే. బెలూన్లలో ఎగరడం, క్రేన్ల మీంచి చూడటం అన్నీ తర్వాత వచ్చాయి. 1991లో కామెరూన్ అడవి మీద ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గాలి ఓడతో తెచ్చి పరిచిన తెప్ప మీద కూర్చుని కూడా ఆవిడ చూసింది ఆకుల్లోని కన్నాలనే.

ఓ ఏడాది ఈ పాఠం విన్న పిల్లల్లో నిజాంపట్నం వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతి ఉంది. వాళ్ల నాన్న బోటు మీద పనికెళ్తాడు. క్లాసయ్యాక నా దగ్గరికొచ్చి, "మేడం, మా మడ చెట్లకి తాడు అక్కర్లేదు. పోటు మీద పడవలో నిలబడితే కొమ్మలే మొహానికి తగులుతాయి" అంది. ఇప్పుడు ఆ అమ్మాయి ఎమ్మెస్సీ చేస్తోంది. ప్రాజెక్టుకి తెల్లమడ ఆకుల్ని ఎవరు తింటున్నారో చూస్తానని పట్టుబట్టి, అటవీశాఖ అనుమతి కాగితం తెచ్చుకుని, లోమన్ పద్ధతిలోనే అంకెలు వేయడం మొదలుపెట్టింది. నేను వెళ్లింది ఆ అమ్మాయి పని చూడటానికే.

రేపల్లె నుంచి నిజాంపట్నం దాకా రోడ్డు పక్కన వరి పొలాలు తగ్గుతూ రొయ్యల చెరువులు పెరుగుతూ పోతాయి. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటాయి. హార్బరు దగ్గర చేపల బుట్టలు, ఐసు లారీలు, వలలు బాగుచేసుకునేవాళ్లు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లిషు ఓడ బట్టల వ్యాపారానికి ఈ తీరానికే వచ్చింది. డచ్చివాళ్లు అంతకుముందే వచ్చి కూర్చున్నారు. ఇంత పాత రేవుకి ఆనుకునే ఆ అడవి ఉంది. కృష్ణ సముద్రంలో కలిసే మొగల చుట్టూ అల్లుకున్న ఈ మడలో చాలా భాగం కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం కిందికి వస్తుంది. దాని విస్తీర్ణం 194 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. బాపట్లలో చదువుకున్న పిల్లలు సూర్యలంక తీరానికి పిక్నిక్కి వెళ్తారు గానీ, ఈ అడవి తమ జిల్లాలో ఉందని చాలామందికి తెలియదు.

పడవెక్కేసరికి పోటు తగిలింది. పెద్ద కాలవలో కాసేపు ఇంజను మీద వెళ్లి, చిన్న కాలవ మొదట్లో పడవాయన ఇంజను ఆపేసి గడకర్ర తీశాడు. వేళ్లన్నీ నీళ్లలో మునిగిపోయాయి. నేను పాఠాల్లో చెప్పేవేవీ కనిపించడం లేదు. నీళ్ల మీద ఉన్నది ఒట్టి పచ్చటి తలలు. కాలవ సన్నబడేకొద్దీ రెండు వైపుల కొమ్మలూ పడవలోకి వంగాయి. నిలబడితే చాలా తెల్లమడల చిటారుకొమ్మలు నా భుజం ఎత్తులోనే ఉన్నాయి. ఆస్ట్రేలియాలో తాడు మీద వేలాడుతూ ఒక మనిషి చేరుకున్న చోటికి ఇక్కడ చంద్రుడు మమ్మల్ని ఎత్తి నిలబెట్టాడు.

"అటు చెయ్యి పెట్టకండి మేడం, అది తిల్ల" అంది అమ్మాయి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోయేంత మంట. మడలో తిరిగేవాళ్లు మొదట నేర్చుకునేది ఆ చెట్టుని గుర్తుపట్టడమే. దాని పక్కనే గుగ్గిలం, ఆ వెనక నల్లమడ.

తన గుర్తున్న కొమ్మ దగ్గర పడవ ఆపించింది. తెల్లమడ ఆకు పైన నున్నగా, అడుగున బూడిద తెలుపులో ఉంటుంది. ఆ పొద్దుటి ఎండలో ఆకు మీద ఉప్పు పలుకులు మెరుస్తున్నాయి. చెట్టు వేళ్లతో పీల్చిన ఉప్పునీళ్లలోంచి మిగులు ఉప్పుని ఆకు మీది సన్నటి గ్రంథుల గుండా బయటకి నెట్టేస్తుంది. నాలిక ఆనిస్తే ఉప్పగానే ఉంది. అమ్మాయి ముందు తడిగుడ్డతో ఆకుని తుడిచి, తర్వాత పొడిగుడ్డతో ఒత్తి, అప్పుడు పైవైపున అంకె వేసింది. "తుడవకపోతే సిరా ఉప్పు మీద ఉంటుంది మేడం, ఆకు మీద ఉండదు. మొదటిసారి వేసినవి సగం పోయాయి." ఈ సంగతి లోమన్ పుస్తకంలో లేదు. ఆస్ట్రేలియా వర్షారణ్యాల్లో ఆకుల మీద ఉప్పు ఉండదు కదా.

పాత అంకెలున్న ఆకుల్ని ఒక్కొక్కటీ చదువుతూ పోయింది. ఒక ఆకు అంచు నెలవంకలా కొరికేసి ఉంది. ఒకదాని మీద బొబ్బల్లా ఉబ్బులు. చిన్న ఈగజాతి పురుగులు లోపల గుడ్లు పెడితే వాటి పిల్లల చుట్టూ ఆకే కట్టే గూళ్లవి. ఇంకోదాని లోపలి పొరలో సన్నటి తెల్లగీత మెలికలు తిరుగుతూ వెళ్లింది. ఆకు పై చర్మానికీ అడుగు చర్మానికీ మధ్య తింటూ పోయిన లార్వా దారి అది. ఆ గీత మొదట్లో వెంట్రుక మందాన ఉండి చివరికి వెడల్పయింది. పురుగు పెరిగినకొద్దీ దారి పెరిగిందన్నమాట. ఆకు తెంపకుండానే దాని కింద గళ్లకాగితం పెట్టి, తిన్నచోట ఎన్ని గళ్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టి రాసుకుంది. ఆ తర్వాతి అంకె దగ్గర చెయ్యి ఆగింది. కాడ మాత్రం మిగిలి ఉంది. "ఇదీ మేడం, కింద రాలని ఆకు" అంది. ఆ కాడని ఫొటో తీసుకుని, పట్టికలో ఆ గడి నిండా గీత కొట్టింది. ఆ గీతకున్న విలువ తెలిసిన మనిషి మా ఇద్దరికీ ముందు ప్రపంచంలో ఎక్కడో ఒక చెట్టు మీద ఒంటరిగా కూర్చుని ఉంది. నాకు గొంతు పట్టేసింది.

కొంచెం అవతల ఎర్రచీమలు ఆకుల్ని కలిపి కుట్టి గూడు కట్టిన కొమ్మ ఉంది. ఆ కొమ్మ ఆకులు నిండుగా, మచ్చలేకుండా ఉన్నాయి. చీమలు కాపలా కాస్తే ఆకులు తినేవాళ్లు దగ్గరికి రారు. గూడున్న కొమ్మలకి వేరే పట్టిక పెట్టుకోమన్నాను. ముంబై వైపు మడల్లో టేకు ఆకులు తినే గొంగళిపురుగు కొన్నేళ్లు తెల్లమడ మీద విరుచుకుపడి ఆకన్నది లేకుండా చేస్తుంది. చూసినవాళ్లు అడవి చచ్చిపోయిందనుకుంటారు. మళ్లీ చిగురిస్తుంది. మన దగ్గర అలాంటిది వస్తే గుర్తుపట్టాలంటే మామూలు రోజుల్లో ఎంత తింటున్నాయో ముందు తెలిసి ఉండాలి.

మనదేశంలో చెట్ల తలల దాకా ఎక్కిన ఆడవాళ్లలో సౌభద్రా దేవి గురించి ఆ అమ్మాయికి పడవలోనే చెప్పాను. బెంగళూరులోని ఏట్రీ సంస్థ శాస్త్రజ్ఞురాలు. తమిళనాడులో కళక్కాడు-ముండంతురై పులుల అభయారణ్యంలోని కాకాచ్చి అడవిలో ఆవిడ తాళ్ల మీద పైకెక్కి, ఏ చెట్టు పువ్వుకి ఎవరు పరాగం మోస్తున్నారో ఏళ్లపాటు చూశారు. కల్లేనియా అనే పెద్ద చెట్టు పూలని తినడానికి కోతులూ ఇతర జంతువులూ కొమ్మల వెంట వస్తాయి. పువ్వు తిన్నవాళ్లే పరాగాన్నీ పంచుతున్నారా అని గణేష్ అనే సహచరుడితో కలిసి పరిశీలించి 2000లో ప్రచురించారు. 2009లో ప్రపంచం నలుమూలల నుంచి ఇలాంటి చెట్టెక్కే శాస్త్రజ్ఞులు బెంగళూరులోనే సమావేశమయ్యారు. "బెంగళూరంటే రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతాం కదా మేడం" అంది అమ్మాయి. ఆ ప్రయాణం తను చేస్తుందని నాకు నమ్మకం.

అక్కణ్ణించి పడవ ఒక బట్టతల లాంటి చోటికి వచ్చింది. మధ్యలో ఎకరాల కొద్దీ ఒట్టి నేల, అంచుల్లో గిడసబారిన మొక్కలు. ఒకప్పుడు కూపులు వేసి అడవిని వరసగా నరికేవారు. చెట్టు పోయాక ఎండకి నేల ఎండి, కుంగి, పళ్లెంలా గుంటపడుతుంది. పోటునీళ్లు వచ్చి అందులో నిలిచిపోతాయి, తిరిగి పోవు. నీళ్లు ఆవిరై ఉప్పు మిగులుతుంది. మళ్లీ పోటు, మళ్లీ ఉప్పు. మడచెట్టు ఉప్పుని ఓర్చుకుంటుంది గానీ దానికీ ఓ హద్దుంది. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990ల చివర నుంచి ఇక్కడి ఊళ్లవాళ్లతోనూ అటవీశాఖతోనూ కలిసి చేసిన వైద్యం తేలికైనది. మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి చేపముల్లులా రెండు వైపులా పిల్ల కాలవలు తవ్వడం. పోటు వస్తే నీరు లోపలికి పోతుంది, పాటుకి ఉప్పుని కడుక్కుని బయటకొస్తుంది. ఆ తర్వాతే మొక్క. ముందు మొక్కలు నాటి ఫొటోలు దిగే ఆర్భాటం మీద నాకు ఏ మాత్రం గౌరవం లేదు. నీటికి దారి ఇవ్వకుండా నాటిన మొక్క మొదటి వేసవి దాటదు.

గడకర్ర వేస్తున్న పడవాయన 1977 నవంబరు 19 గురించి తనే ఎత్తాడు. ఉప్పెన వచ్చినప్పుడు ఆయన చిన్నపిల్లాడు. "మా నాయన నన్ను వీపున కట్టుకుని తాడిచెట్టు ఎక్కాడంట. మడ దట్టంగా ఉన్న కాడ అల ఇసురు తగ్గిందంటారమ్మా మా పెద్దోళ్లు. నిజమేనంటారా?" నిజమేనని చెప్పడానికి నా దగ్గర ఒక మంచి ఆధారం ఉంది. అది కూడా ఒక స్త్రీ చేసిన లెక్కే. 1999 అక్టోబరులో ఒడిశాని ముంచిన మహా తుపాను తర్వాత సౌదామినీ దాస్ అనే ఆర్థిక శాస్త్రవేత్త కేంద్రపడ జిల్లాలో 400కు పైగా ఊళ్ల మరణాల్ని, ఆ ఊరికీ సముద్రానికీ మధ్య మిగిలిన మడ వెడల్పుతో పోల్చి చూశారు. జెఫ్రీ విన్సెంట్‌తో కలిసి 2009లో ప్రచురించారు. మడ వెడల్పుగా ఉన్న ఊళ్లలో చావులు తక్కువ. ముందస్తు హెచ్చరిక కాపాడినన్ని ప్రాణాలు మడ కాపాడలేదని కూడా ఆవిడే దాచకుండా రాశారు. అందుకే ఆ లెక్క మీద నాకు నమ్మకం. పడవాయనకి రెండూ చెప్పాను. "అంటే సైరనూ కావాల, చెట్టూ కావాల" అన్నాడు.

పాటు మొదలైంది. నీళ్లు దిగుతుంటే కొమ్మలు మెల్లగా పైకి పోతున్నట్టు, వేళ్లు ఒక్కొక్కటే బయటపడుతూ ఉన్నాయి. వేళ్లు భూమిలోనే ఉంటాయనుకోవడం ఇక్కడ కుదరదు. వర్షారణ్యంలోనూ కుదరదు. భారతీయ తండ్రికి అమెరికాలో పుట్టిన శాస్త్రజ్ఞురాలు నళినీ నాడ్కర్ణి వర్షారణ్యపు కొమ్మల మీద పేరుకున్న మట్టిని పైకెత్తి చూస్తే, ఆ చెట్టే తన కొమ్మల్లోంచి ఆ మట్టిలోకి వేళ్లు దించుకుని ఉంది. పైకెక్కి ఆ మట్టి కదిపి చూసిన ఆ సంగతిని ఆవిడ 1981లో రాశారు.

బురద గట్టు మీద పిల్లి అడుగులు పడి ఉన్నాయి, మామూలు పిల్లివి కావు. బావురుపిల్లిదే అయ్యుంటుందని పడవాయన అన్నాడు. కాలవ చివర రొయ్యల చెరువు కట్ట మడ అంచుకి ఆనుకుని ఉంది. ఆ చెరువులు ఎంతోమందికి అన్నం పెడుతున్నాయి, అది కాదనను. కానీ కట్ట ఇంకో నాలుగు గజాలు ముందుకు జరిగితే దాని అవతలి కాలవకి పోటు అందదు. ఇథియోపియాలో లోమన్‌కి ఇలాంటి అంచే ఎదురైంది. ఆ దేశపు ఉత్తరాన అడవులు చాలామటుకు పోయి, చర్చీల చుట్టూ మాత్రం పచ్చటి తునకలు మిగిలాయి. ఏటేటా పొలాలు వాటిలోకి జరుగుతున్నాయి. అలెమాయెహు వాసీ అనే అక్కడి శాస్త్రజ్ఞుడితో కలిసి ఆవిడ అర్చకులకి ఉపగ్రహ చిత్రాలు చూపించారు. తమ అడవి ఎంత చిక్కిపోయిందో కళ్లారా చూశాక, చుట్టూ రాతిగోడ కడదామన్నది వాళ్లే. పొలాల్లో ఏరిపారేసే రాళ్లే గోడకి సరిపోయాయి. ఇక్కడ రాళ్లు లేవు, గోడ కడితే పోటు రాదు. మన అంచుకి కాపలా మనుషులే.

ఒడ్డుకి చేరేసరికి మండపీతలు పట్టే ఆడవాళ్లు గంపలతో దిగుతున్నారు. పాటులో బురద తేలాక కన్నాల్లో చెయ్యిపెట్టి పీతల్ని లాగే పని వాళ్లది. అమ్మాయి చేతిలో మార్కరు చూసి ఒకావిడ ఆగింది. ఆ అమ్మాయికి మేనత్త వరస.

"ఏందే, ఆకులకి నంబర్లేస్తన్నావంట. ఓట్లేస్తాయా?"

"లేదత్తా. ఎన్ని తింటన్నారో చూడాలి. నేను నెలకోసారే రాగలను."

"నేను రోజూ పోయేది అటేగా. ఏ చెట్టు కాడో చెప్పు."

అమ్మాయి నా వైపు చూసింది. నేను తల ఊపాను. గట్టు మీదే కూర్చుని అంకెలు ఎలా చదవాలో, తిన్న ఆకుకి ఏ గుర్తు పెట్టాలో, మొత్తం పోయిన ఆకుకి ఏ గుర్తు పెట్టాలో చూపించింది. ఆవిడకి చదువు రాదు గానీ అంకెలు వచ్చు. సంతలో పీతల తూకం చూసుకునే మనిషి మరి. రెండుసార్లు తనే చెప్పి చూపించి, మార్కరుని రవికలో దోపుకుని, గంప ఎత్తుకుని నీళ్లలోకి దిగింది.